వీధిలోంచి కనబడని విజయనగరం

విజయనగరం చూడడానికి వచ్చినవారికి ఊరు ఒక్క పూటలో అయిపోతుంది. కోట ముందు ఒక ఫొటో, పైడితల్లి అమ్మవారి దర్శనం, గంటస్తంభం చుట్టూ ఒక తిరుగుడు, తీరిక ఉంటే గురజాడ అప్పారావు ఇల్లు. ఆపైన కారు రామతీర్థం వైపో అరకు వైపో మళ్ళుతుంది. వారిని తప్పుపట్టడానికి లేదు. వీధిలో నిలబడి చూస్తే ఈ ఊరు అంతకుమించి చూపించేది తక్కువే. బట్టల దుకాణాలు, సెల్‌ఫోను బోర్డులు, వాటి నెత్తిన కరెంటు తీగల చిక్కుముడి. పాత విజయనగరంలో చూడదగ్గది గుమ్మం దాటాక, అదీ రెండో గుమ్మమో మూడో గుమ్మమో దాటాక మొదలవుతుంది. అక్కడ ఇంటి నడిమధ్య కప్పు ఆగిపోయి చదరంగా ఆకాశం కనబడుతుంది. మండువా అనే ఆ చోటు ఈ ఊరి పాత ఇళ్ళలో ఎందుకుంది, బయటికి తెలియకుండా ఎందుకుంది, ఇప్పుడు ఎందుకు మూసుకుపోతోంది అనే మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. వాటికి జవాబు పూర్వీకుల సౌందర్య దృష్టిలో కన్నా స్థలాల కొలతల్లో, ఆస్తి పంపకాల్లో ఎక్కువగా దొరుకుతుంది.

ఈ ప్రాంతాన్ని ఏలిన పూసపాటి రాజులు కుమిలి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకుని 1713లో కోటకు పునాది వేశారు. ఒక్కో పక్క సుమారు 240 మీటర్ల పొడవున రాతి గోడలు, తూర్పున నగారాఖానా ఉన్న పెద్ద ద్వారం, పడమట చిన్న ద్వారం. కోట లేచాక దాన్ని నమ్ముకుని బతికేవారు చుట్టూ చేరారు. దివాణం గుమాస్తాలు, సిపాయిలు, పురోహితులు, కంసాలులు, బట్టల వర్తకులు, వైద్యులు, పండితులు, మేళగాళ్ళు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం, 1794 నాటి పద్మనాభం యుద్ధం సంస్థానాన్ని కుదిపేశాయి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక మాత్రం కొలువు కొలువుగా నిలిచింది, కొలువును పట్టుకుని ఊరూ పెరిగింది.

నడిచి కొలువుకు వెళ్ళే కాలంలో కోటకు దగ్గర స్థలమే స్థలం. వీధి ముఖం అందరికీ కావాలి, వీధి పొడవు మాత్రం అంతే. అందుకని ముఖం ఇరుకైంది, లోతు పెరిగింది. ముందు వీధి గుమ్మం నుంచి వెనక సందులోకి తెరుచుకునే పెరటి గుమ్మం దాకా ఒక్కటే బారు ఇల్లు. ఇటూ అటూ ఉన్న గోడలు పక్కిళ్ళతో ఉమ్మడి. అటువంటి ఇంటికి పక్క కిటికీ పెట్టే వీలే లేదు. వీధి గదికి వీధిలోంచి, వంటింటికి పెరట్లోంచి వెలుతురు వస్తుంది. మరి నడుమ గదుల సంగతి? వాటికి మిగిలిన దారి పైనుంచే. మండువా విలాసం కాదు, ఆ కొలతల స్థలంలో మనుషులు ఊపిరి తీసుకోవడానికి వేరే మార్గం లేక తెరిచిన కంత. బయటివారికి అది కనబడకపోవడానికీ ఇదే కారణం. ఎవరూ దాచలేదు, స్థలమే దాన్ని లోపలికి నెట్టింది.

దాని పనితనం గమనించదగ్గది. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలుతుంది. చూరు కింద స్తంభాల వసారా, వసారా మీదికి గదుల తలుపులు. నడుమ నేల ఒక మెట్టు పల్లంగా ఉంటుంది. వాన నీరు నాలుగు చూర్ల నుంచి అక్కడికే దిగి తూములోంచి పెరటి వైపు పోతుంది. పాత రోజుల్లో చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీరు పట్టుకునేవారు. ఇక్కడి వాతావరణానికి ఇంకొక లెక్క ఉంది. సముద్రం ఊరికి సుమారు 18 కిలోమీటర్లు. ఎండతో పాటు ఉక్క. పొడి నేలల్లో మందపు గోడల మధ్య ఉన్న ముంగిలి రాత్రి చల్లదనాన్ని పట్టి పగటికి దాచిపెడుతుంది. ఉక్క ఉన్నచోట దాచిన చల్లదనంతో పని జరగదు, గాలి కదలాలి. అందుకే ఈ ఇళ్ళలో వీధి గుమ్మం, నడవ గుమ్మం, మండువా, వంటింటి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంటాయి. మధ్యాహ్నం మండువాలో వేడెక్కిన గాలి పైకి పోతే ఆ ఖాళీలోకి రెండు గుమ్మాల నుంచీ గాలి వస్తుంది. వాస్తు పేరుతో చెప్పే చాలా మాటలకన్నా ఈ వరస ఎక్కువ మేలు చేసింది. కొత్తగా కొన్నవారు ‘గుమ్మాలు ఎదురెదురుగా ఉండకూడద’ని ఎవరో చెబితే ఒకటి మూసేసి, తర్వాత గాలి రావడం లేదని ఏసీ కొనడం ఇప్పుడు మామూలే.

జిల్లా పల్లెల్లో ఇదే సముద్రపు గాలికి పూర్తిగా వేరే జవాబు ఉంది. చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, నేలకు తాకేంత కిందికి దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి పట్టు దొరకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని ఊడ్చేసినప్పుడు రేకుల కప్పులు కాగితాల్లా లేచిపోయాయి. మండువా ఇల్లు పట్నపు ఉద్యోగిది, భూకామందుది. చుట్టిల్లు రైతుది, బెస్తవారిది. ‘మన పూర్వీకుల ఇళ్ళు’ అని ఒకే మాటలో రెండింటినీ కలిపేయడం కుదరదు.

మండువాకు ఎవరూ అనుకుని ఇవ్వని గుణం ఇంకొకటి ఉంది. సున్నపు గోడలు, గచ్చు నేల, పైన తెరిపి. పాడేవారి గొంతు వారికే నిండుగా వినబడుతుంది, మూసిన గదిలోలాగా మార్మోగి గజిబిజి కాదు. సంగీతానికి పేరుపడ్డ ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. 1919లో విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత పాఠశాల పెట్టారు. ఒక ఆస్థాన ఉద్యోగి అంధ కుమారుడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతో అది మొదలైందని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ ఆచార్యుడుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల ఆ గుమ్మం తొక్కినవారే. అయితే కళాశాలలో దొరికేది పాఠం. సాధన జరిగేది ఇళ్ళలో, అదీ తెల్లవారుజామున. గురువు ఇంట్లో పాఠం వింటే చుట్టుపక్కల నాలుగిళ్ళవారికీ వినబడినట్టే.

ఘంటసాల ఇక్కడ చదువుకున్న తీరు ఆ ఇళ్ళ అమరికను బాగా పట్టి చూపిస్తుంది. చేతిలో డబ్బు లేక ఆయన జోలె పట్టి మధూకరం ఎత్తుకుంటూ చదివారు. పట్రాయని సీతారామశాస్త్రి తన ఇంట్లోనే పాఠం చెప్పారు. ఒక్క ఘంటసాల కథే కాదిది. 1860లో మొదలైన సంస్కృత కళాశాలకు, 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మహారాజా కళాశాలకు దూరపు ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చేవారు. సంస్థానం బడి కట్టించింది, పండితులకు జీతమిచ్చింది. కడుపు నింపింది మాత్రం చాలావరకు ఊరి ఇళ్ళే. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో వారాలు చేసుకుని చదువుకున్నవారు తెలుగునాట ఎందరో. ఆ పిల్లలు పడుకున్నది వీధి అరుగు మీద, వల్లె వేసుకున్నది వీధి గదిలో, తిన్నది మండువా వసారాలో. విజయనగరాన్ని విద్యల నగరం అనేవారు కోటను, రాజులను తలుచుకుంటారు. అరుగుకు, పప్పులో పోసిన అదనపు చెంబెడు నీళ్ళకు దక్కాల్సిన వాటా ఆ లెక్కలో పడదు.

ఇంతవరకు చదివి పాత ఇల్లంటే స్వర్గమని అనుకోనక్కర్లేదు. ఇల్లు పొరలు పొరలుగా ఉందంటే మనుషులనూ పొరలుగా ఆపిందని అర్థం. ఎవరు అరుగు దాకా, ఎవరు నడవ దాకా, ఎవరు పెరటి దారిన మాత్రమే అన్నది కులం తేల్చేది. వారాల అన్నం కూడా అన్ని కులాల పిల్లలకూ దొరికింది కాదు. ఆడవారికి మండువా ఒక్కటే ఆకాశం అయిన ఇళ్ళు ఎన్నో. చిన్నతనంలో భర్త పోయినవారు ఆ నాలుగు చూర్ల కిందే జీవితమంతా గడిపారు. గురజాడ ఈ వీధుల మధ్య ఉండే ‘కన్యాశుల్కం’ రాశారు. అది 1892లో ఇక్కడే తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. నాటకం బొంకులదిబ్బ దగ్గర, అంటే ఊరందరూ తిరిగే బయలులో మొదలై, ఇళ్ళ లోపలి గుట్టు విప్పుకుంటూ పోతుంది. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారకం. ఆయన వాడిన వస్తువులు చూసి బయటికి వచ్చేవారు ఆ చుట్టుపక్కల సందుల్లో ఒక్కసారి నడిస్తే, వీధికీ వంటింటికీ మధ్య ఉన్న ఆ నాలుగైదు గుమ్మాల దూరం ఆయన కథలకు ఎంత ముడిసరుకు అందించిందో బోధపడుతుంది.

మండువాలు మూసుకుపోవడానికి అందరూ చెప్పే కారణం జనం మారిపోయారని. అది సగం నిజమైనా కాదు. అసలు చిక్కు పంపకం. ఇంటిని నలుగురు పంచుకోవచ్చు, మండువాను పంచలేరు. గదులు ఎవరి వాటా వారికి పోతాయి, నడుమ చోటు ‘ఉమ్మడి’ అని పత్రంలో రాసుకుంటారు. ఉమ్మడి అంటే దాని పెంకులు మార్చడం ఎవరి పనీ కాదు. ఒక వానాకాలం చూరు కారుతుంది, వాసం పుచ్చుతుంది. నాటు పెంకులు తిరగవేసే పనివారు దొరకరు, దొరికినా ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేలదు. మొదట ఒకరు తన వాటా వరకు రేకు వేసుకుంటారు. రేకు మీద పడ్డ నీరు పక్క వాటాలోకి పోతుంది, మాటా మాటా పెరుగుతుంది. తర్వాత మండువా మధ్య ఇటుక గోడ లేస్తుంది. సగం మండువాకు గాలి రాదు, వెలుతురూ సరిగ్గా రాదు. అప్పుడు దాన్ని ఉంచి ఏం ప్రయోజనమని శ్లాబు వేసేస్తారు. ఒక ఇల్లు చచ్చిపోయే క్రమం ఇదే. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, ప్రతి అడుగుకూ ఒక సహేతుకమైన కారణం ఉంది.

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో సంస్థానపు కొలువు పోయింది, కొలువును నమ్ముకున్న కుటుంబాలు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, ఇంకా పైకో వెళ్ళాయి. వాటాదారులు నాలుగు ఊళ్ళలో ఉంటే సంతకాలకే ఏళ్ళు పడుతుంది. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. దానివల్లే పాత ఇళ్ళు ముక్కలయ్యాయని గొణిగేవారు ఉన్నారు. ఆ గొణుగుడుకు విలువ ఇవ్వనక్కర్లేదు. ఆ ఇంటి గచ్చు తోమినవారికి ఆ ఇంట్లో వాటా రావడం ఆలస్యంగా జరిగిన న్యాయం. వాటాలు పెరిగినప్పుడు ఉమ్మడి చోటును ఎలా నిలుపుకోవాలన్న ఏర్పాటు మనం చేసుకోలేదు, లోపం అది. అపార్టుమెంట్లలో మెట్లకు, లిఫ్టుకు నెలనెలా రుసుము కట్టే అన్నదమ్ములే ఇక్కడ చూరుకు ఆ పని చేయరు.

దోమలు, కోతులు, దొంగలు అనే మూడు భయాలు కూడా తక్కువవి కావు. మండువా పైన ఇనుప ఊచలు వేయించుకుని నెట్టుకొస్తున్న ఇళ్ళు ఉన్నాయి. చూడడానికి పంజరంలా ఉంటుందని ముఖం చిట్లించేవారు, రేకు కన్నా ఊచ నయమని గుర్తించాలి. ఊచల్లోంచి వాన వస్తుంది.

ఇక ఈ చోట్లు చూడడం ఎలా? పరాయివారి తలుపు తట్టి ‘మీ మండువా చూపిస్తారా’ అని అడగడం మర్యాద కాదు. కెమెరా మెడలో వేసుకుని అడగడం ఇంకా కాదు. పాత ఇళ్ళ వీధి గదుల్లో చాలావరకు ఏదో ఒక వ్యాపకం నడుస్తుంటుంది. దర్జీ మిషను, ట్యూషను, వీణ పాఠం, పచ్చళ్ళ అమ్మకం, హోమియో మందుల బీరువా. ఆవకాయ కొనడానికి వెళ్ళినవారికి లోపలి వెలుతురు ఎటూ కనబడుతుంది. ఎదురుచూస్తూ కూర్చుంటే ‘లోపలికి వచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ ఉక్కగా ఉంది’ అన్న పిలుపు వచ్చినా రావచ్చు. వస్తే చెప్పులు అరుగు కిందే వదలాలి. మధ్యాహ్నం ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య వెళ్ళకూడదు. ఆ సమయంలో మండువా వసారా నిద్రకు చెందింది.

అందరికీ తెరిచి ఉన్న చోట్లూ ఉన్నాయి, వాటిని ఎవరూ ఆ దృష్టితో చూడరు. కోట లోపలి ఆవరణలో ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి. యుద్ధం కోసం కట్టిన గోడల మధ్య అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని నడవడం కోటకు దక్కిన మంచి వాడుక. సంగీత కళాశాల దగ్గర ఉదయంపూట కాసేపు నిలబడితే ఒక పక్క గాత్రం, ఒక పక్క మృదంగం, ఎవరో ఒకే వరసను పదేపదే తప్పుతూ వాయించే వయొలిన్ కలగలిసి వినబడతాయి. కచేరీలో దొరకనిది ఆ తప్పు. సాయంత్రం అయ్యకోనేరు గట్టున పదవీ విరమణ చేసినవారి సభ, పిల్లల పరుగులు, మరమరాల బండి. పాత ఇంటి అరుగు మీద జరగాల్సిన కబుర్లన్నీ అరుగులు పోయాక గట్టు మీదికి చేరినట్టుంది.

ఋతువును బట్టి ఊరి రుచి మారుతుంది. వేసవి తలుపు తట్టేలోపే బజారులోకి సాలూరు, పార్వతీపురం వైపు నుంచి లేత పనసకాయలు దిగుతాయి. కాయను అక్కడికక్కడే కత్తితో పొట్టు కొట్టి ఇచ్చేవారి చేతివేగం చూడడానికే ఆగేవారు ఉంటారు. కాయ మీద చూపు నిలపకుండా మాట్లాడుతూనే సన్నగా, ఒకే తీరుగా కొడతారు. ఆ పొట్టును ఉడికించి, తాలింపు వేసి, దించాక ఆవ కలిపిన కూర ఈ ప్రాంతపు పెళ్ళి భోజనానికి కొలమానం. ఆవ ఎక్కువైతే చేదు, తక్కువైతే పనస పచ్చి వాసన. అదే పనస మొద్దును తొలిచి బొబ్బిలి దగ్గర వీణ చేస్తారు. కూరకూ కచేరీకీ ఒకే చెట్టు పనికివచ్చే ఊళ్ళు ఎక్కువ ఉండవు. తర్వాత ముంజలు, ఆ తర్వాత భీమాళి మామిడి తాండ్ర. రసం పొరమీద పొర పోసి చాపల మీద ఎండబెట్టే తాండ్రకు నిండు ఎండ కావాలి. ఎండ తిట్టుకునే నెలల్లో దానివల్ల బతికే ఊరు అది.

పాత ఇళ్ళు వాటంతటవే తలుపులు తెరిచే రోజులు పైడితల్లి జాతరవి. విజయదశమి తర్వాత వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమానోత్సవం. చింతమాను కొనకు అమర్చిన ఆసనంలో పూజారి కూర్చుంటే, ఆ మాను బండి మీద అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. చుట్టుపక్కల జిల్లాల జనమంతా ఆ రోడ్డు మీదే ఉంటారు. దారిలో ఉన్న ఇళ్ళకు ఆ రోజు బంధువులు, బంధువుల బంధువులు, వారి వెంట వచ్చిన పేరు తెలియనివారు చేరతారు. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళినవారు మండువా చూసి ‘ఇంట్లో ఇంత చోటుందా’ అని ఆశ్చర్యపోవడం ప్రతి ఏటా జరిగేదే. హక్కుదారులు కూడా ఆ పండక్కే ఊరికి వస్తారు కాబట్టి, ఇల్లు అమ్మకం మాట కదిలేదీ చాలాసార్లు ఆ రెండు రోజుల్లోనే.

వారసత్వ కట్టడాల గురించి ఊరికి పట్టింపు లేదనడం సరికాదు. 2020లో మూడు లాంతర్ల కూడలి స్తంభాన్ని తొలగిస్తే పెద్ద వివాదమే అయింది. కానీ ఆ పట్టింపు వీధిలో కనబడేవాటితో ఆగిపోతోంది. స్తంభం, గోపురం, గోడ. పాత ఇంటి విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. ముందు గోడను, చెక్కడపు ద్వారబంధాన్ని ఉంచి వెనకంతా శ్లాబు వేస్తే ఫొటోకు పనికివస్తుంది, గాలికి పనికిరాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది అరుగు, తర్వాత వీధి గది. అప్పుడు మండువాయే వీధి గది అయి దుకాణంగా మారుతుంది.

భవన నిబంధనల్లోనూ ఒక తిరకాసు ఉంది. స్థలం పెరిగేకొద్దీ అవి ఇంటి చుట్టూ ఖాళీ వదలమంటాయి. అగ్నిమాపక బండికి, వెలుతురుకు అది అవసరమే. కాని కోట చుట్టుపక్కల ఇరుకు ముఖపు బారు స్థలాల్లో రెండు పక్కలా వదిలిన ఆ సన్నపాటి సందులో చెత్త, పాత సైకిలు, మురుగు గొట్టం తప్ప ఏమీ చేరవు. అంతే కొలత ఖాళీని ఇంటి మధ్యలో వదిలితే నాలుగు గదులకు పగలంతా దీపం అక్కర్లేదు. పాత పట్నం వరకైనా, ఉమ్మడి గోడల ఇళ్ళకు పక్క ఖాళీ బదులు మండువాను లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఇస్తే, కూలగొట్టి కట్టుకునేవారిలో కొందరైనా నడుమ నాలుగు గజాలు తెరిచి ఉంచడానికి ఒప్పుకుంటారు. దానికి పురావస్తు శాఖ అక్కర్లేదు, నగరపాలక సంస్థ ప్లాను మంజూరు చేసే బల్ల దగ్గరే తేలిపోయే పని.